నిండా కొట్టించినా ముప్పావే, ఖాళీ అయినా పావే: పాత లారీలో డీజిల్ ముల్లు సమస్య

గుంటూరు లోడు:
మాది 2003 మోడల్ ఆరు టైర్ల లారీ, 24 వోల్టుల బండి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకుని చెన్నై వెళ్తాను. డీజిల్ ముల్లును నమ్మే పరిస్థితి లేదు. బంకులో మూతదాకా కొట్టించినా ముప్పావు దగ్గరే ఆగుతుంది. రాత్రి లైట్లు వేస్తే ఇంకా కిందికి దిగుతుంది. మొన్న నెల్లూరు దాటాక, ముల్లు పావు చూపిస్తుండగానే బండి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. డీజిల్ తెచ్చి పోసి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీసి, మళ్లీ స్టార్ట్ చేసేసరికి తెల్లవారింది. మిర్చికి వాన పడితే ఏమవుతుందో మీకు తెలుసు, రోడ్డు పక్కన బండి ఆపుకుని ఆకాశం చూస్తూ కూర్చోవడం నరకం.

పాత ట్యాంకు కారుతోందని కొంతకాలం క్రితం సెకండ్‌హ్యాండ్ ట్యాంకు వేయించాను. ఫ్లోటు యూనిట్ (డీజిల్ మీద తేలే బుడ్డి, దాని చేయి ఉండి, మట్టాన్ని మీటరుకు తెలిపేది) మాత్రం పాతదే బిగించారు. ఇప్పుడు షాపులో మీటరు మార్చమంటున్నారు. మార్చమంటారా?

నేషనల్ పర్మిట్:
తమ్ముడూ, ముందు ఒక కర్ర తయారుచేసుకో. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఇరవై లీటర్లు పోసి కర్ర ముంచి గీత పెట్టు, మళ్లీ ఇరవై, మళ్లీ గీత. బండి సమంగా ఉన్న చోట నిలబెట్టి చూడాలి. ముల్లు బాగైనా సరే ఆ కర్ర క్యాబిన్‌లోనే ఉండనివ్వు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
మీటరు మార్చకండి. మీరు రాసిన మూడు లక్షణాలు ఒకే జబ్బువి కావు, అందుకే ముందు వాటిని విడదీయాలి.

మొదట రెండు ప్రశ్నలు. లైట్లు వేసినప్పుడు టెంపరేచర్ ముల్లు కూడా కదులుతోందా? బ్రేక్ తొక్కితే డీజిల్ ముల్లు కదులుతోందా? రెండు ముళ్లూ కలిసి కదిలితే డ్యాష్‌బోర్డు వెనక వెతకాలి. డీజిల్ ముల్లు ఒక్కటే, అదీ బ్రేక్ తొక్కినప్పుడల్లా ఊగుతుంటే, ట్యాంకు యూనిట్ ఎర్త్ (కరెంటు చాసిస్‌లోకి తిరిగి వెళ్లే వైరు) వెనక లైట్ల ఎర్త్‌తో కలిసి ఒకే బోల్టు కింద ఉందన్నమాట. ఆ బోల్టుకు తుప్పు పట్టింది. బల్బుల కరెంటు వెళ్లడానికి దారి సరిపోక, యూనిట్ లెక్క తప్పుతోంది.

ఇప్పుడు పరీక్ష. ట్యాంకు మీద యూనిట్‌కు వచ్చే సిగ్నల్ వైరు ఊడదీయండి. కీ ఆన్ చేయండి, ముల్లు ఒక చివరికి పోవాలి. ఆ వైరును 5 వాట్ల చిన్న బల్బు గుండా చాసిస్‌కు తాకించండి, ముల్లు రెండో చివరివైపు కదలాలి. నేరుగా తాకించకండి, కొన్ని మీటర్లు కాలిపోతాయి. ట్యాంకు మూత బిగించి ఉంచండి, వైరును ట్యాంకుకు దూరంగా లాగి ఈ పని చేయండి. ముల్లు రెండువైపులా కదిలిందంటే మీటరూ వైరూ బాగానే ఉన్నట్టు. ఏ మీటరుకు ఏ చివర ‘ఫుల్’ అన్నది బండిని బట్టి మారుతుంది, కాబట్టి పక్క బండివాడి మాట ప్రమాణం కాదు.

మీ బండిలో ఎర్త్ చెడితే ముల్లు కిందికి దిగుతోంది. అంటే ట్యాంకు నిండినప్పుడు తక్కువ ఓమ్‌లు (కరెంటుకు అడ్డును కొలిచే లెక్క), ఖాళీ అయినప్పుడు ఎక్కువ ఓమ్‌లు ఉండే రకం. ఇలాంటి రకంలో యూనిట్ ఒకటి నిండుకు దాదాపు 30 ఓమ్‌లు, ఖాళీకి 240 చూపుతుంది. తుప్పు వల్ల ఇంకో ఇరవై ఓమ్‌లు కలిశాయనుకోండి. 30 కాస్తా 50 అవుతుంది, ముల్లు ముప్పావు వైపు జారుతుంది. 240 దగ్గర ఆ ఇరవై లెక్కలోకే రాదు. నిండుగా ఉన్నప్పుడే తేడా కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం ఇదే.

కానీ ఖాళీ ట్యాంకుకు పావు చూపడం ఎర్త్ పని కాదు. ఎర్త్ చెడితే ఈ రకంలో తక్కువే చూపాలి, ఎక్కువ చూపదు. నా అనుమానం మీ కొత్త ట్యాంకు మీద ఉంది. పాత ట్యాంకు లోతెంత, దీని లోతెంత?

గుంటూరు లోడు:
అన్నగారూ, మీరన్నట్టే బ్రేక్ తొక్కితే ముల్లు ఊగుతోంది, టెంపరేచర్ ముల్లు కదలడం లేదు. బల్బు పెట్టి చూస్తే రెండువైపులా కదిలింది. వెనక చాసిస్ మీద బోల్టు విప్పితే రింగు పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, పెయింటు తీసి, యూనిట్‌కు విడిగా ఒక ఎర్త్ వైరు వేశాను. ఇప్పుడు నిండా కొట్టిస్తే ఫుల్ చూపిస్తోంది, లైట్లు వేసినా కదలడం లేదు! పాత ట్యాంకు షెడ్డులోనే ఉంది, కొలిచాను. కొత్తది నాలుగు అంగుళాలు తక్కువ లోతు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
దొరికింది. ఫ్లోటు చేయి పాత లోతుకు చేసింది. ఈ ట్యాంకులో అది కిందికంటా దిగకముందే ఫ్లోటు అడుగుకు తగిలి ఆగుతోంది. చేయి పావు దగ్గర ఆగితే ముల్లూ అక్కడే ఆగుతుంది, డీజిల్ మాత్రం అయిపోతుంది. ట్యాంకు లోతు ఎక్కువైతే దీనికి తిరగబడి, డీజిల్ ఉండగానే ఖాళీ చూపుతుంది. అది ఇంత ప్రమాదం కాదు.

చేయి వంచి సరిపెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అడుగున సరిచేస్తే పైన తప్పుతుంది. ఈ ట్యాంకు లోతుకు సరిపోయే యూనిట్ కొనండి, కానీ ఓమ్‌లు మీ మీటరుకు సరిపోవాలి. కొనేముందు షాపులోనే మల్టీమీటరు పెట్టి చేయిని పైనుంచి కిందికి నెమ్మదిగా తిప్పండి. అంకె మధ్యలో తెగకుండా సాఫీగా మారాలి, రెండు చివరలా వచ్చిన అంకెలు పాత యూనిట్ అంకెలతో కలవాలి. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి, లోపల చప్పుడైతే చిల్లు ఉన్నట్టే.

బిగించేటప్పుడు ప్యాకింగ్ కొత్తది వేయండి. పాతది వేస్తే నిండా కొట్టించిన రోజు పైనుంచి చెమ్మ కారి దుమ్ము పట్టేస్తుంది. ఆ యూనిట్ వచ్చేదాకా మీ బండికి పావు అంటే ఖాళీ అనే లెక్క. సగం దాటగానే కర్ర ముంచి చూసుకుంటూ వెళ్లండి.

గుంటూరు లోడు:
ఓమ్‌లు కాగితం మీద రాసుకుని రేపు ఆటోనగర్ వస్తున్నాను అన్నగారూ. పాత యూనిట్ కూడా వెంట తెస్తాను.