సమస్య: చేతకానివాఁడె చేవగాఁడు

నిర్వాహకుడు (కావలి): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. వస్తువు నవ్వుల సినిమాలు, వాటిలో ఊరంతా తీసిపారేసిన తిక్కమనిషి. నీతులు వద్దు, మనిషి కనపడాలి.

పెన్నాగట్టు (నెల్లూరు):
గాలి వీచెనేని తూలిపోయెడి మేను
పన్నుగడల తోడఁ బగటికలలు
రమణరెడ్డి తెరకు రాఁగానె యీలలే
చేతకానివాఁడె చేవగాఁడు!

కందుకూరు మాస్టారు: గాలి–తూలి ప్రాసయతి భేషుగ్గా కుదిరింది. కానీ రమణారెడ్డిగారి దీర్ఘాన్ని గణం కోసం కోసేశావే అబ్బాయ్! ‘మాయాబజార్’ (1957) చిన్నమయ్య, మన జిల్లా మనిషి. అసలే ఎముకలు, దీర్ఘం కూడా లాగేస్తే ఇంకేం మిగులుద్ది?

పెన్నాగట్టు: మా ఇంట్లో అందరూ అట్నే అంటారు మాస్టారూ.

ఒంగోలు కుర్రాడు: నా మొదటి పాదం చూడండి: “నమ్మకమ్ము ఉన్న గెలుపు నీదేనయ్య”.

కందుకూరు మాస్టారు: ‘న’కి ‘గె’ యతి ఏందయ్యా? ‘నమ్మకమ్ము ఉన్న’ అని అచ్చును విడిగా వదిలేశావు, ఉత్వసంధి నిత్యం. ఇవి దిద్దుకోవచ్చు. అసలు జబ్బు వేరే: ఇది బడిగోడ మీద సూక్తి. ఎవడు, ఏం చేశాడు, జనం ఎందుకు నవ్వారు? ఏదన్నా సినిమా తలుచుకుని రాయి.

ఒంగోలు కుర్రాడు: ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991), రాజేంద్రప్రసాద్:
బొంకులాడు నోరు పొలఁతికై నిజమాడి
వీధివారి గుట్టు విప్పి చెప్పె
తిట్టిపోయ జనులు ధీరుఁడై నిలిచెను
చేతకానివాఁడె చేవగాఁడు!

కందుకూరు మాస్టారు: అదీ! ‘ధీరుఁడై’ మాత్రం తీసెయ్. ఆ దివాకరం ధీరుడేం కాదు, నిజమే చెప్తానని ఒప్పుకుని ఇరుక్కుపోయినవాడు. “తిట్టిపోయ జనులు దిక్కుతోఁచక నిల్చె” అను, గణాలూ యతీ సరిపోతాయి, నవ్వూ వస్తుంది.

రంగనాయకులపేట అక్క: సినిమా కాదు, విరాటపర్వంలో బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు. వేసుకుంటారా?
ఉత్తరుండు బెదరి యురికిపాఱఁగఁ బట్టి
యాటపాటలయ్య యమ్ము లేసె
తురుము నిండఁ బూలు, కురుసేన పరుగులు
చేతకానివాఁడె చేవగాఁడు!

కందుకూరు మాస్టారు: దండం తల్లీ. మూడో పాదంలో క్రియ లేదు, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఊరుకున్నావు. మన తిక్కన భారతం మొదలుపెట్టిందే ఈ పర్వంతో. ఆడవాళ్ల ముందు కోతలు కోసి, సేన కనపడగానే రథం దూకిన ఉత్తరుణ్ణి మించిన హాస్యనటుడు ఏ సినిమాలో ఉన్నాడు?

పెన్నాగట్టు: వ్యాసుడిలో అర్జునుడు యుద్ధానికి ముందు తెల్లగుడ్డతో జుట్టు బిగించుకుంటాడు గదక్కా. పూలు యాడివి?

రంగనాయకులపేట అక్క: గుడ్డ కింద నలిగున్నాయిలేబ్బా.