మూత వేసిన ల్యాప్‌టాప్ బ్యాగులో కాలిపోతోంది, 8 గంటల్లో 62 శాతం ఛార్జ్ మాయం

ప్రశ్న: నిద్రరాని_డబ్బా

విండోస్ 11, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. రాత్రి 100 శాతం ఛార్జ్‌తో మూత వేసి బ్యాగులో పెడితే 8 గంటల తర్వాత 38 ఉంటోంది. తీసి చూస్తే అడుగుభాగం మీద చెయ్యి నిలవదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ 50,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 46,500. టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ /ఏ అనే కమాండ్ కొడితే స్టాండ్‌బై (నిద్ర) రకాల్లో "ఎస్0 లో-పవర్ ఐడిల్" ఒక్కటే కనిపిస్తోంది. పాత రకం నిద్ర ఎస్3ని ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) సపోర్ట్ చెయ్యదట. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పూత), బ్యాటరీ రెండూ మార్పించమంటున్నారు. మార్పించాలా?

వాట్ల_లెక్క:

రెండూ అక్కర్లేదు. బ్యాటరీ ఇంకా 93 శాతం కెపాసిటీతో ఉంది, దాని తప్పేం లేదు. 46.5లో 62 శాతం అంటే దాదాపు 28.8 వాట్ అవర్లు. 8 గంటలకి పంచితే సగటున 3.6 వాట్లు. సరిగ్గా నిద్రపోయిన ల్యాప్‌టాప్ అర వాట్ అటూ ఇటూగా తింటుంది. మీది స్క్రీన్ ఆర్పుకుని మేలుకునే ఉంటోంది. పేస్ట్ ఎండిపోతే పని చేస్తున్నప్పుడు వేడెక్కాలి గానీ నిద్రలో కాదు. నిద్రలో ప్రాసెసర్ వేడి పుట్టించడమే అసలు జబ్బు.

పాత ఎస్3 నిద్రలో ప్రాసెసర్‌కి కరెంటే ఉండదు, ర్యామ్‌కి మాత్రం డేటా నిలబడేంత అందుతుంది. ఎస్0లో సిస్టమ్ ఆగదు, ఫోన్‌లాగా లోతైన ఐడిల్‌లోకి దిగుతుంది. ఆ అట్టడుగు స్థితి పేరు డ్రిప్స్. ఒక్క డ్రైవర్ మొండికేసినా మొత్తం ప్లాట్‌ఫామ్ అక్కడికి దిగదు. గాలాడని బ్యాగులో ఆ వేడి పేరుకుపోతుంది.

టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /స్లీప్‌స్టడీ కొట్టండి. గత 3 రోజుల రిపోర్ట్ హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా వస్తుంది. ఎక్కడ సేవ్ అయిందో టెర్మినల్‌లోనే చూపిస్తుంది, చాలాసార్లు అది సిస్టమ్32 ఫోల్డరే. బ్రౌజర్‌లో తెరిచి, ఆ రాత్రి సెషన్ మీద క్లిక్ చేసి సాఫ్ట్‌వేర్ డ్రిప్స్ (విండోస్ ఆ స్థితికి సిద్ధమైన సమయం), హార్డ్‌వేర్ డ్రిప్స్ (హార్డ్‌వేర్ నిజంగా అందులో ఉన్న సమయం) శాతాలు, కింద టాప్ అఫెండర్స్ (నిద్ర చెడగొడుతున్నవాటి) పట్టిక ఇక్కడ పెట్టండి. అది చూడకుండా సెట్టింగ్స్ కెలకడం చీకట్లో రాళ్లు వెయ్యడమే.

మూడో_పిన్:

అదే రిపోర్టులో ఎగ్జిట్ రీజన్ (నిద్ర ఎందుకు చెదిరిందో) కూడా చూడండి. అక్కడ మౌస్ ఇన్‌పుట్ అని పదే పదే వస్తే వైర్‌లెస్ మౌస్ డాంగిల్ (చిన్న యూఎస్‌బీ రిసీవర్) పోర్ట్‌లోనే ఉండిపోయిందన్నమాట. బ్యాగ్ కదిలినప్పుడల్లా మౌస్ కదిలి మెషీన్‌ని లేపుతుంది. డాంగిల్ పీకేయండి, లేదా డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్" టిక్ తీసేయండి. లేపగల పరికరాల జాబితా కావాలంటే పవర్‌సీఎఫ్‌జీ /డివైస్‌క్వెరీ వేక్_ఆర్మ్‌డ్.

ఇంకోటి: ముందు ఛార్జర్ పీకి, తర్వాత మూత వేయండి. ప్లగ్‌లో ఉండగా నిద్రలోకి పంపి, ఆ తర్వాత పీకితే కొన్ని మెషీన్లు ఛార్జర్ ఉన్నప్పటి ధోరణిలోనే కొనసాగుతాయి.

నిద్రరాని_డబ్బా:

డాంగిల్ లేదండి. సాఫ్ట్‌వేర్ డ్రిప్స్ 96 శాతం, హార్డ్‌వేర్ డ్రిప్స్ 9. అఫెండర్లలో మొదటి పేరు వైఫై కార్డు. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోట) ప్లాట్‌ఫామ్‌ఏఓఏసీఓవర్‌రైడ్ అని 0 పెడితే పాత ఎస్3 వస్తుందని ఒకచోట చదివాను, పెట్టేయనా?

వాట్ల_లెక్క:

వద్దు. ఫర్మ్‌వేర్‌లో ఎస్3 లేదని మీకు ముందే తేలింది. ఆ వాల్యూ పెడితే ఎస్0 పోతుంది, ఎస్3 రాదు, స్లీప్ అనే ఆప్షనే మాయమవుతుంది. ఇప్పటికే పెట్టినవాళ్లు ఆ వాల్యూ డిలీట్ చేసి రీస్టార్ట్ చేస్తే పాత స్థితికి వస్తుంది.

మీ రెండు అంకెలే సగం సమాధానం. సాఫ్ట్‌వేర్ శాతం తక్కువుంటే అప్‌డేట్లనో యాంటీవైరస్‌నో అనుమానించాలి. ఇక్కడ విండోస్ తన పని ఆపేసింది, హార్డ్‌వేర్ దిగలేదు. అంటే డ్రైవరో, ఫర్మ్‌వేరో. వైఫై మీద అనుమానం ఖాయం చేసుకోవడానికి ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, ఛార్జర్ పీకి, మూత వేసి గంటసేపు బల్ల మీదే వదిలేయండి. మళ్లీ స్లీప్‌స్టడీ తియ్యండి. హార్డ్‌వేర్ డ్రిప్స్ 90 దాటితే దొంగ దొరికినట్టే. దాటకపోతే ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్, యూఎస్‌బీలో తగిలించినవి చూడాలి.

వైఫైయే అని తేలితే వరుస ఇది: ముందు బయోస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్), తర్వాత చిప్‌సెట్ డ్రైవర్, చివర్న వైఫై డ్రైవర్. మూడూ ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే. బయోస్ అప్‌డేట్ అయ్యేదాకా ఛార్జర్ తియ్యకండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోండి, రీస్టార్ట్‌లో అడగొచ్చు. కొత్త వైఫై డ్రైవర్ తర్వాతే సమస్య మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి.

అప్పటిదాకా బ్యాగులో పెట్టేముందు హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద రాసి పూర్తిగా ఆగిపోవడం) చేయండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డస్"లో ఆన్ బ్యాటరీ కింద హైబర్నేట్ ఎంచుకోండి. జాబితాలో లేకపోతే అడ్మిన్ టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆన్.

సిలికాన్_చాదస్తం:

హైబర్నేట్‌తో ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే లెక్క చెప్పేస్తా. ర్యామ్‌లోది రాసుకునే హైబర్‌ఫైల్ సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం, అంటే మీకు 6.4 జీబీ. ప్రతిసారీ అంతా రాసినా, రోజుకి మూడుసార్లు చేసినా ఏడాదికి 7 టీబీ. 300 టీబీ రాతల రేటింగ్ ఉన్న డ్రైవ్‌కి ఇది 40 ఏళ్ల పైమాటే.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా, మూత సరిగ్గా మూసుకోవట్లేదా అన్నది మాత్రం ఈ రోజే చూడండి. రోజూ బ్యాగు వేడిలో ఉడికిన లిథియం బ్యాటరీ ఉబ్బే అవకాశం ఉంది. ఉబ్బితే ఛార్జింగ్ ఆపేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.