రెండోసారి డెంగీ: ముదరబెట్టేది వైరసా, మన రక్షణ కణాలా?

తిరుచానూరు రోడ్డు:
మా అక్క కొడుకుకు పద్నాలుగేళ్లు. మూడేళ్ల కిందట డెంగీ వచ్చి మామూలుగా తగ్గిపోయింది. ఈ కార్తీక మాసపు వానల్లో మళ్లీ వచ్చింది. ఐదో రోజు జ్వరం దిగింది. బిడ్డ లేచి కూర్చున్నాడని ఇంటిల్లిపాదీ కుదుటపడ్డాం. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం! తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం, ఇప్పుడు క్షేమం. ‘ముందొకసారి వచ్చింది కాబట్టే ఇంత ముదిరింది. వాడి ఒంట్లోని రక్షణే వాడి మీద తిరగబడింది’ అన్నారు డాక్టరు గారు. బంధువులేమో రోగనిరోధక శక్తి చాలక ఇలా అయిందని బొప్పాయి ఆకులు, కషాయాలు తెస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?

చిత్తూరు జీవశాస్త్రం టీచరు:
డాక్టరు గారి మాటే నమ్మండి. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకితే తయారైన యాంటీబాడీలు (రక్తంలోని రక్షణ ప్రొటీన్లు) ఆ రకాన్ని ఏళ్ల తరబడి అడ్డుకుంటాయి. వేరే రకం వస్తే మాత్రం దాన్ని పట్టుకుంటాయే గానీ నిర్వీర్యం చేయలేవు. పట్టుకున్న వైరస్‌ను తీసుకెళ్లి, యాంటీబాడీ తోకను గుర్తుపట్టే తెల్లకణాలకు అప్పగిస్తాయి. వైరస్ పెరిగేది ఆ కణాల్లోనే. దొంగకు మనమే తలుపు తీసినట్టు.

క్యూబాలో 1977లో ఒకటో రకం వ్యాపించింది. శాంటియాగో నగరానికి 1997లో రెండో రకం వచ్చినప్పుడు ప్రాణం మీదికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ పాత రకం సోకిన పెద్దవాళ్లే. ఇరవై ఏళ్ల తర్వాత కూడా! తల్లి నుంచి యాంటీబాడీలు అందిన పసిబిడ్డల్లో, ఏడాది లోపే, మొదటి డెంగీయే తీవ్రం కావడం కూడా ఇందుకు సాక్ష్యమే. ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు డెంగ్‌వాక్సియా టీకా వేశాక, అంతకుముందు డెంగీ రానివారికి దానివల్ల ముప్పు పెరుగుతుందని 2017లో తయారీదారే ప్రకటించాల్సి వచ్చింది.

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
టీచరు గారూ, యాంటీబాడీల సంగతి ఒప్పుకుంటాను. ‘రక్షణే తిరగబడింది’ అన్న మాటే నాకు మింగుడుపడదు. 2017-18లో దేశమంతటా జరిగిన రక్త పరీక్షల సర్వేలో, దక్షిణాదిలో 76.9 శాతం మందిలో డెంగీ సోకిన గుర్తులు కనిపించాయి. రెండోసారి సోకడమే ఇంత ప్రమాదమైతే మన వార్డులు సరిపోవు. ఎక్కువమంది బయటపడుతున్నారంటే ఒంట్లో ఏదో సరిగ్గా పనిచేస్తోందన్నమాట.

అందులో తెల్లకణాల్లోనే ఒక రకమైన టి-కణాలకు పెద్ద పాత్ర ఉంది. ఇవి వైరస్ దూరిన కణాలను వెతికి చంపుతాయి. పాత రకానికి అలవాటుపడిన టి-కణాలు కొత్త రకం మీద గురి తప్పి, వాపు పుట్టించే రసాయనాలను మాత్రం కుమ్మరిస్తాయని 2003లో థాయిలాండ్ రోగుల మీద జరిగిన పరిశోధన చెప్పింది. చాలా పాఠాలు అక్కడే ఆగిపోయాయి. శ్రీలంక రక్తదాతల మీద 2013లో వచ్చిన అధ్యయనం బలమైన టి-కణ స్పందన కాపాడుతుందని సూచించింది. మన దేశపు రోగుల్లో 2016లో చూసినప్పుడు, ఈ కణాలు విపరీతంగా పెరిగినా, వాపు పుట్టించే ఆ రసాయనాల్లో ఒకటైన గామా ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేసినవి కొద్దిపాటివే. గుంపు పెద్దదైనంత మాత్రాన విధ్వంసం చేసేది అదేనని ఎలా అంటాం?

చిత్తూరు జీవశాస్త్రం టీచరు:
మరి రక్తంలో వైరస్ తగ్గుముఖం పట్టాకే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారడం ఎందుకు మొదలవుతోంది? ఆ బిడ్డకు జ్వరం దిగాకే కదా ఒళ్లు చల్లబడింది!

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:
మంచి ప్రశ్న. మొదటి రోజుల్లో పరీక్ష చేసే ఎన్‌ఎస్‌1 ఉంది చూడండి, ఆ వైరస్ ప్రొటీనే రక్తనాళాల లోపలి పొరను నేరుగా దెబ్బతీయగలదని 2015లో ఎలుకల్లో, ప్రయోగశాల కణాల్లో తేలింది. అంటే వైరస్‌ను నిర్దోషిగా వదలలేం. వియత్నాంలో 225 మంది రోగులకు తొలి రోజుల్లోనే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చి రక్షణ స్పందనను అణచి చూశారు. షాకు (రక్తపోటు పడిపోవడం) గానీ, రక్తస్రావం గానీ తగ్గిన దాఖలా లేదు.

చిత్తూరు జీవశాస్త్రం టీచరు:
అది ప్రధానంగా మందు సురక్షితమా అని చూసిన ప్రయోగం. దాన్నిబట్టి తీర్పు చెప్పలేం. ఎన్‌ఎస్‌1 మాట మాత్రం కాదనలేను. రేపు తరగతిలో ‘వైరస్ కాదు, మన ఒళ్లే’ అని చెప్పబోయేవాణ్ణి, ఆ వాక్యం మార్చుకుంటాను.

ల్యాబ్ టెక్నీషియన్:
ఒక్క మాట. మా కిటికీ దగ్గరికొచ్చి అందరూ అడిగేది ప్లేట్‌లెట్లు ఎన్నని. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎంతని ఒక్కరూ అడగరు! నాళాల్లోంచి నీరు బయటికి కారితే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. అసలు ప్రమాదం కనిపించేది అందులోనే. రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా లాభం లేదని సింగపూర్, మలేషియా ప్రయోగం 2017లోనే చూపింది. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, మగత గమనించండి. బొప్పాయి రసం తాగించారని ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చిన బిడ్డలను చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. ఇదంతా అక్కకు చదివి వినిపించాను. మూడేళ్ల కిందట వాడికి సరిగా తిండి పెట్టలేదని, అందుకే ఒంట్లో శక్తి లేకపోయిందని ఇన్నాళ్లూ తనను తానే నిందించుకుంటోంది. ‘అయితే నా తప్పు కాదా?’ అని అడిగింది. కాదన్నాను. కాసేపు ఏడ్చి, మేడ మీదున్న నీళ్ల డ్రమ్ముకు మూత వెతకడానికి వెళ్లింది.