రోప్ లేకుండా, ఒంటరిగా గడ్డకట్టిన జలపాతం ఎక్కడం: ధైర్యమా, మొండితనమా?

చలిచీమ:
నాలుగు సీజన్లుగా ఐస్ ఎక్కుతున్నాను. రోప్‌తో డబ్ల్యూఐ-4 (వాటర్ ఐస్ 4వ గ్రేడ్) లీడ్ చేస్తాను, అంటే ముందు నేనే ఎక్కుతాను, ఇంతవరకు ఒక్కసారి కూడా పడలేదు. ఈ గ్రేడ్ల గొడవ తెలియనివాళ్ల కోసం: నీళ్లు గడ్డకట్టి ఏర్పడిన ఐస్‌కి 1 నుంచి 7 దాకా అంకెలు వేస్తారు. 3 అంటే సుమారు 70 డిగ్రీల వాలు, మధ్యమధ్యలో కాళ్లు ఆనించుకుని ఊపిరి పీల్చుకోవచ్చు. 5కి వచ్చేసరికి దాదాపు గోడే.

నా పార్ట్‌నర్‌కి మోకాలి ఆపరేషన్ అయింది, ఈ సీజన్‌కి రాడు. నాకు బాగా అలవాటైన జలపాతం ఒకటుంది. 60 మీటర్లు, డబ్ల్యూఐ-3. పదిసార్లకు పైనే ఎక్కాను. పోయిన వారం పొద్దున్నే దాని కింద ఒక్కడినే నిలబడ్డాను. గాలి లేదు. ఐస్ వెనకాల నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. బ్యాగ్‌లోంచి రోప్ తీయకుండా అలాగే ఎక్కేద్దామనిపించింది. ఎక్కలేదు, వచ్చేశాను. అప్పట్నుంచి పడుకునే ముందు అదే గుర్తొస్తోంది. నిజంగానే అడుగుతున్నాను, ఇది అంత తప్పా?

గొడ్డలిపెట్టు:
తప్పేం లేదు బ్రో. ఇక్కడ చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్తాను. రాతి మీద రోప్‌తో ఎక్కేవాడు పడటం మామూలే, పడతాడు, మళ్లీ ఎక్కుతాడు. ఐస్ మీద అలా కుదరదు. కాళ్లకు క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప మొనల చట్రాలు) ఉంటాయి కదా, పడేటప్పుడు ఒక్క మొన ఐస్‌కి తగులుకుంటే చీలమండ విరిగినట్టే. అందుకే ఇక్కడ మొదటి పాఠమే "లీడర్ పడకూడదు". రోప్ ఉన్నా పడకూడదు, లేకపోయినా పడకూడదు. మరి తేడా ఎక్కడుంది?

ఇంకో లెక్క. 60 మీటర్లు సోలోగా పావుగంట పని. రోప్‌తో అయితే రోప్ తగిలించడానికి ఐస్‌లోకి స్క్రూలు బిగించుకుంటూ, పైన బిలే (పడితే రోప్ పట్టి ఆపే ఏర్పాటు) కట్టి, పార్ట్‌నర్ వచ్చేదాకా ఆగి... గంటన్నర. ఆ గంటన్నరా ఇద్దరూ ఉండేది పైనుంచి ఏదో ఒకటి రాలే చోటే.

కొలరాడోలో టెలురైడ్ దగ్గరి బ్రైడల్‌వీల్ ఫాల్‌ని 1974లో అమెరికన్ క్లైంబర్లు జెఫ్ లో, మైక్ వైస్ మొదటిసారి ఎక్కారు. 1978లో జెఫ్ లో దాన్నే ఒంటరిగా ఎక్కాడు. అప్పటి టూల్స్ (చేతుల్లో పట్టుకునే ఐస్ గొడ్డళ్లు) చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పటి టూల్స్‌తో, దానికంటే ఎంతో తేలికైన డబ్ల్యూఐ-3 మీద నువ్వు సోలో చేస్తే కొంపలేం మునగవు.

రెండోతాడు:
గొడ్డలిపెట్టు గారూ, మీరు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. రెండో సగం మీకు కావాల్సిన జవాబు వచ్చేలా వేసుకున్న లెక్క. చీలమండ విరగడానికీ ప్రాణం పోవడానికీ తేడా లేదంటారా? విరిగిన చీలమండతో వచ్చే ఏడాది మళ్లీ ఎక్కినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

టూల్స్ బాగుపడ్డాయి, ఒప్పుకుంటాను. 1929లో లారెంట్ గ్రివెల్ క్రాంపాన్‌కి ముందువైపు రెండు మొనలు పెట్టాడు, అంతకుముందు నిటారు ఐస్ మీద గొడ్డలితో ఒక్కో మెట్టూ చెక్కుకుంటూ పోవాల్సిందే. కానీ ఐస్ మాత్రం అప్పటి ఐసే కదండీ.

రాతి మీద మీరు పట్టుకునే అంచు నిన్నా అక్కడే ఉంది, రేపూ అక్కడే ఉంటుంది. జలపాతం అలా కాదు, పొద్దున ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ తగిలాక ఇంకోలా ఉంటుంది. సున్నాకి కొంచెం కింద ఉన్నప్పుడు పిక్ (టూల్ మొన) ఒక్క దెబ్బకి దిగి కూర్చుంటుంది. మైనస్ 15 దాటి చలి ముదిరిందా, గాజులా పెళుసెక్కుతుంది. రాత్రికి రాత్రి చలి అమాంతం పెరిగితే ఐస్ ముడుచుకుంటుంది, లోపల బిగువు పెరుగుతుంది. విడిగా వేలాడే స్తంభాలు ఒక్క దెబ్బకి పుటుక్కున తెగిపోయేది అలాంటి పొద్దుల్లోనే. "చలి బాగుంది, గట్టిగా ఉంటుందిలే" అని బయల్దేరేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

నా విషయమే చెప్తాను. డబ్ల్యూఐ-3 మీదే, లీడ్‌లో ఉన్నాను. కుడి టూల్ విసిరాను, తక్ మని మంచి చప్పుడే వచ్చింది. బరువు వేశానో లేదో పీటంత పలక ఊడి నా భుజం మీంచి జారింది, పోతూపోతూ ఎడమ కాలి కింది ఐస్‌ని కూడా తన్నుకుపోయింది. ఒక్క టూల్‌కి వేలాడుతున్నాను. కింద మూడు మీటర్ల దూరంలో స్క్రూ ఉంది. రోప్ బిగుసుకోలేదు, నేను పడలేదు. కానీ అది ఉందని తెలుసు కాబట్టి రెండో కాలు నిదానంగా పెట్టుకోగలిగాను. ఆ దెబ్బలో నేను చేసిన తప్పేమిటో ఇప్పటికీ నాకు దొరకలేదు. సోలో అంటే నా భయమల్లా అదే. నువ్వు తప్పు చేయకపోతే చాలదు, ఐస్ కూడా చేయకూడదు.

నిదానం:
పదకొండేళ్లు సోలో ఎక్కినవాణ్ణి, మూడేళ్ల కిందట మానేశాను. దెబ్బ తగిలి మానలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ ఆనందం ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలిగా. రోప్‌తో ఎక్కేటప్పుడు బుర్రలో సగం స్క్రూలతోనే సరిపోతుంది. ఇది ఎక్కడ బిగించాలి, ఎన్ని మిగిలాయి, పార్ట్‌నర్ వణుకుతున్నాడేమో... సోలోలో అవేవీ ఉండవు. టూల్ విసురు, చప్పుడు విను. లోతుగా "థక్" అంటే నమ్ము. డొల్లగా మోగితే పక్కకి జరుగు. ఒకటి లాగి చూడు, రెండు కాళ్లూ జరుపు, మళ్లీ విసురు. ఇరవై నిమిషాలు ఇంకో ఆలోచనే రాదు. నాకు జీవితంలో ఇంకెక్కడా అంత నిశ్శబ్దం దొరకలేదు. దాన్ని మొండితనం అని కొట్టిపారేసేవాళ్లతో నేను వాదించను.

కానీ సోలో గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఒకటి దాటేస్తారు, చేతులు. టూల్స్ తల పైకెత్తి గట్టిగా పట్టుకుంటాం కదా, వేళ్లలోంచి రక్తం దిగిపోతుంది, మొద్దుబారతాయి. కాసేపటికి రక్తం తిరిగొచ్చేటప్పుడు ఉండే నొప్పి శత్రువుకి కూడా వద్దు. ఇంగ్లిష్‌లో దానికి "స్క్రీమింగ్ బార్ఫీస్" అని పేరు పెట్టారు, అరుపులూ వాంతీ ఒకేసారి వస్తాయి కాబట్టి. రోప్ ఉంటే ఏం చేస్తాం? ఒక స్క్రూ బిగించి, దానికి వేలాడి, రెండు నిమిషాలు అరిచి, మళ్లీ మొదలుపెడతాం. సోలోలో, 40 మీటర్ల మీద, ఆ నొప్పితోనే అవే చేతులతో టూల్స్ పట్టుకుని ఉండాలి. నాకు ఒకసారి వచ్చింది. నుదురు ఐస్‌కి ఆనించి ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాను. డెబ్బై దగ్గర ఏడ్చాను. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

గై లాసెల్ పేరు విన్నారా? కెనడా ఆయన. గడ్డకట్టిన జలపాతాలు ఒంటరిగా ఎక్కడంలో ఆయన్ని మించినవాళ్లు తక్కువ. 2009 డిసెంబర్‌లో మోంటానాలోని హయలైట్ లోయలో పోయాడు. పైన ఎక్కుతున్న వేరేవాళ్ల కాళ్ల కింద చిన్న మంచు చరియ కదిలింది, అది వచ్చి ఆయన్ని పడేసింది. చేతకాక పోయినవాడు కాదు.

గొడ్డలిపెట్టు:
అన్నా, నువ్వే చెప్తున్నావు కదా, చరియ వచ్చి పోయాడని. చరియకి రోప్ కనపడుతుందా? కెనడా క్లైంబర్ మార్క్-ఆండ్రే లెక్లెర్క్ సంగతి చూడు. 2016లో కెనడాలోని మౌంట్ రాబ్సన్ మీద ఎంపరర్ ఫేస్ అనే నిటారు గోడని ఒంటరిగా ఎక్కాడు. పోయింది 2018 మార్చిలో, అలాస్కాలో మెండెన్‌హాల్ టవర్స్ అనే శిఖరాల మీద, పార్ట్‌నర్‌తో కలిసి వెళ్లినప్పుడు. సోలో అంటే చావు, జంటగా అంటే క్షేమం అనే లెక్క ఎక్కడా తేలదు.

రెండోతాడు:
చిన్న చరియకీ పెద్ద చరియకీ తేడా ఉందండీ. మనిషిని పూడ్చేయాలంటే బోలెడు మంచు కావాలి. కాళ్లు తప్పించడానికి రెండు బస్తాల మంచు చాలు. స్క్రూకి కట్టుకుని ఉన్నవాడు ఆ రెండు బస్తాలూ నెత్తిన పోసుకుని, తిట్టుకుంటూ అక్కడే వేలాడతాడు. రోప్ అన్నిటికీ మందు అని నేను అనలేదు, దానికి పనికొస్తుంది అంటున్నాను.

ఐస్‌మ్యాన్_99:
అన్నలందరికీ ఒక ప్రశ్న. చలిచీమ హెల్మెట్‌కి కెమెరా పెట్టుకుని వెళ్తాడా, లేకుండానా?

చలిచీమ:
లేకుండానే. ఇక్కడ అడుగుతున్నాను కాబట్టి షో చేస్తున్నా అనుకోకు బ్రో.

బేస్‌క్యాంప్‌లో_నేను:
నేను ఎక్కను. మావారు ఎక్కుతారు, సోలోగానే. అందుకే ఇక్కడ చదువుతుంటాను. ఒక్క మాట అంటాను, ఏమీ అనుకోకండి. మీరంతా "రోప్ లేకుండా", "ఒంటరిగా" అనే రెండిటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. అవి వేరు వేరు కదా?

పోయినేడాది ఆయన పదకొండింటికి ఫోన్ చేస్తానన్నారు. పదకొండు నలభైకి చేశారు. ఆ నలభై నిమిషాలు నేను స్టవ్ ఆపి, వెలిగించి, మళ్లీ ఆపి... తర్వాత తెలిసింది, జలపాతం మీద ఏమీ కాలేదట, దిగొచ్చే దారిలో బండల మధ్య క్రాంపాన్ ఇరుక్కుని పాదం మెలిపడిందట. మైనస్ 12లో మడమ విరిగి కూర్చుంటే ఎంతసేపు ఉండగలరు? రోప్ పట్టుకోవాలని లేదు, కింద ఒక మనిషి కూర్చుని ఉంటే చాలు. ఫోన్ చేయడానికి, ఒక కోటు కప్పడానికి. అప్పట్నుంచి మా మధ్య ఒప్పందం అదే. రోప్ సంగతి మీ ఇష్టం, ఒంటరిగా మాత్రం వద్దు అన్నాను.

నిదానం:
అక్కా, పదకొండేళ్లలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. కోపంతో "వెళ్లొద్దు" అన్నవాళ్లే అంతా.

చలిచీమ:
అందరికీ థాంక్స్. మధ్యేమార్గంగా సెల్ఫ్ బిలే చేస్తే? ఒక్కడినే వెళ్లి, కింద రోప్ కట్టి, పరికరంతో నన్ను నేనే బిలే చేసుకుంటూ?

రెండోతాడు:
రాతి మీద బాగుంటుంది. జలపాతం మీద రోప్ తడుస్తుంది, తడిసింది గడ్డకడుతుంది. పైన ఐస్ పూత పట్టిన రోప్ మీద పళ్లున్న పరికరాలు జారతాయి. అదీగాక లీడ్ చేస్తే పైకెక్కి, కట్టి, ర్యాపెల్ చేసి (రోప్ మీద జారుతూ దిగి), కింది ముడి విప్పి, స్క్రూలు తీసుకుంటూ మళ్లీ ఎక్కాలి. ఒకే జలపాతం రెండుసార్లు. నడిచి పైకి వెళ్లే దారుంటే చెట్టుకి రోప్ కట్టి టాప్ రోప్ మీద ప్రాక్టీస్ చేసుకో, అది వేరే సంగతి. కానీ పొడి రోప్‌తో, ప్రతి ఐదు మీటర్లకీ పరికరం పట్టుకుంటోందో లేదో చూసుకుంటూ.

నిదానం:
తమ్ముడూ, టాప్ రోప్ అన్నాడు కాబట్టి చెప్తున్నాను. దాని మీద ఎక్కడం ప్రాక్టీస్ చేయకు, అది నీకు వచ్చు. దిగడం ప్రాక్టీస్ చెయ్యి. 60 మీటర్లూ ఎక్కి, ఒక్కో అడుగూ వెనక్కి దిగు. దిగేటప్పుడు పాదం కనపడదు. పైన ఉన్న పిక్‌ని ఊపి వదిలించుకుని, దాన్ని మొహం దగ్గరికి తెచ్చి నాటాలి, మోచెయ్యి మడిచి ఊపుతాం కాబట్టి దెబ్బలో జోరే ఉండదు. మొదటిసారి పది మీటర్లు దిగేసరికి నీకే తెలుస్తుంది. సోలో ఎక్కేవాడికి పారిపోయే దారి అదొక్కటే.

అలాగే రెండు మూడు స్క్రూలు, హార్నెస్ (నడుముకి కట్టుకునే పట్టీలు), సన్న రోప్ తీసుకెళ్లు. ఇరుక్కుంటే ముందు ఒక స్క్రూకి నిన్ను నువ్వు కట్టుకుని, తర్వాత పొడవాటి స్క్రూతో ఐస్‌లో రెండు ఏటవాలు రంధ్రాలు లోపల కలిసేలా తొలిచి, వాటిలోంచి తాడు దూర్చి ర్యాపెల్ కావచ్చు. సోవియట్ పర్వతారోహకుడు విటాలీ అబలాకోవ్ పేరు మీద పిలుస్తారు దాన్ని. నేల మీద యాభైసార్లు చేశాకే పైన నమ్ముకో. ఇక వెళ్లే రోజు చలి ఎంత అని చూసి సరిపెట్టుకోకు, అంతకుముందు మూడు రాత్రులూ ఎలా గడిచాయో చూడు.

నేనెందుకు మానేశానంటే... ఒకరోజు పైకి చేరాక వెనక్కి చూశాను. చివరి ఇరవై మీటర్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. ఆఫీసులో ఎవరితోనో పడిన గొడవ గురించి ఆలోచిస్తూ ఎక్కేశాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. ఇంకెవరైనా అయితే నైపుణ్యం అని మురిసిపోతారేమో, నాకు మాత్రం కాళ్లలో వణుకొచ్చింది. ఏ నిశ్శబ్దం కోసం వెళ్లానో అది లేకపోయాక, ఆ రిస్క్ దేనికి?

గొడ్డలిపెట్టు:
అది నీ నిజాయితీ అన్నా. నాకు ఇంకా ఉంది ఆ నిశ్శబ్దం. అది పోయిన రోజు నేనూ మానేస్తాను.

చలిచీమ (రెండు వారాల తర్వాత):
అప్‌డేట్. టాప్ రోప్ మీద మూడు రోజులు దిగడమే చేశాను. నిన్న మా తమ్ముణ్ణి కింద కూర్చోబెట్టి, రోప్ వీపున వేసుకుని, సోలో మొదలుపెట్టాను. మొదటి పదిహేను మీటర్లు... నిదానం అన్న చెప్పింది అబద్ధం కాదు. నా ఊపిరి నాకు వినపడింది. అంతకు మించి రాయలేను.

అక్కడ మొహానికి ఎదురుగా ఒక పగులు కనిపించింది. అడ్డంగా, దారం అంత సన్నగా, కానీ ఈ చివర నుంచి ఆ చివర దాకా. అంచున నీళ్లు ఊరుతున్నాయి. పోయినసారి లేదు. దాని పైన టూల్ కొట్టనా, వద్దా అని రెండుసార్లు చెయ్యి ఎత్తి దించాను. తర్వాత దిగిపోయాను. ఎక్కడానికి నాలుగు నిమిషాలు, దిగడానికి ఇరవై రెండు. తమ్ముడు టైమ్ చూశాడు. వాడికి బోర్ కొట్టిందట.

గొడ్డలిపెట్టు:
డబ్ల్యూఐ-3 వాలు మీద, రాతికి అంటుకుని ఉన్న ఐస్‌లో అడ్డపగులు మామూలే బ్రో. విడిగా వేలాడే స్తంభం మీద అయితే వేరు సంగతి. నేనైతే దాటేసేవాణ్ణి.

రెండోతాడు:
నీళ్లు ఊరుతున్నాయన్నాడు, చదవలేదా? వెనకాల ఒత్తిడి ఎంతుందో ఇక్కడ కూర్చుని మీకెలా తెలుస్తుంది? చలిచీమా, ఆ పగులు ఫొటో ఉంటే పెట్టు, చూసి చెప్తాను.

చలిచీమ:
ఫొటో లేదండీ. రెండు చేతులూ ఖాళీ లేవు.