పాత సినిమా పోస్టర్లు: అసలువి గోడకా, పెట్టెలోకా?

కాలవగట్టు (నరసాపురం):

మా మేనమామ భీమవరంలో ఓ సినిమా హాలు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. మొన్న ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే రేకు పెట్టె నిండా పోస్టర్లు బయటపడ్డాయి. అరవైలు, డెబ్బైల నాటివే ఎక్కువ. చాలావరకు 20 బై 30 అంగుళాల సింగిల్ షీట్లు, కొన్ని 30 బై 40వి. ఏదీ గోడకెక్కలేదు, వెనకాల బంక మరక లేదు. నాలుగు మడతలు పెట్టి దాచారు. మడత దగ్గర రంగు రాలి తెల్లగీత పడింది, అంచులు గోధుమరంగుకు తిరిగాయి.

మాది కొత్త ఇల్లు. హాల్లో పడమటి గోడ మొత్తం ఖాళీగా ఉంది. వరసగా ఫ్రేములు కట్టించి పెడదామని నా ఆశ. ఫ్రేముల షాపతను "ప్లైవుడ్‌కి అంటించి పైన లామినేషన్ కొట్టేస్తే ఇక జన్మకి చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. మా బావమరిదేమో అసలువి ముట్టుకోకు, స్కాన్ తీయించి ప్రింట్లు పెట్టుకో అంటాడు. ఎవరి మాట వినమంటారు?

రీలుపెట్టె (రాజమండ్రి):

ముందు ఆ లామినేషన్ మాట మర్చిపోండి. వేడికి ప్లాస్టిక్ పొర కాగితంలోకి దిగిపోతుంది. రేపు తీయాలంటే రంగుతో సహా ఊడి వస్తుంది. ప్లైవుడ్‌కి అంటించడం ఇంకా ఘోరం, చెక్కలోంచి ఆమ్లం మెల్లగా కాగితానికి ఎక్కుతుంది. చేసింది తిరిగి విప్పుకోలేని పని ఏదీ పాత కాగితానికి చేయకూడదు.

మీ బావమరిది మాటే నా మాట. అసలువి చదునుగా పెట్టెలో ఉండాలి, గోడమీద ప్రింట్లు ఉండాలి.

మైదాబకెట్టు (పాలకొల్లు):

రీలుపెట్టె గారూ, నేను ఒప్పుకోనండి. గోడ కోసమే పుట్టిన కాగితం అది. కొత్త బొమ్మ పడే ముందు రాత్రి సైకిలుకి నిచ్చెన కట్టుకుని, మైదాలో కాస్త మైలుతుత్తం వేసి ఉడికించిన బంక బకెట్టు హ్యాండిల్‌కి తగిలించుకుని ఊరంతా అంటించుకొచ్చేవాళ్లు. వారం ఉంటే గొప్ప. వాన తడిపేది, ఆవులు పీక్కు తినేవి. ఇప్పుడు దాన్ని చీకట్లో పెట్టి తాళం వేస్తారా?

బాపు గారు పుట్టింది మీ నరసాపురంలో. ఈశ్వర్ గారిది మా పాలకొల్లు. బాపు గారి "సాక్షి"తో 1967లో పోస్టర్లు మొదలుపెట్టి వేల సినిమాలకి పబ్లిసిటీ డిజైన్లు చేశారాయన. రోడ్డున పోయేవాడు ఆగి చూడాలని వేసిన బొమ్మ. ఆగి చూసేవాడు లేని చోట అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రీలుపెట్టె:

మాస్టారూ, మీరు చెప్పిందే నా వాదన. గోడకెక్కినవన్నీ పోయాయి. ఇవి ఆ వారం మిగిలిపోయిన కాపీలు, అందుకే ఈ రోజు చేతికొచ్చాయి. ఇప్పుడు వీటిని కూడా గోడకి పంపిస్తే మిగిలేదేముంది?

వెలుతురు సంగతి చెప్తాను. ఈ మధ్య ఒక స్నేహితుడింట్లో పాత ఫ్రేము విప్పాం. కిటికీకి ఎదురుగా ఏళ్ల తరబడి వేలాడింది. బీడింగ్ కింద దాగిన పావు అంగుళం అంచు మాత్రం కుంకుమ ఎరుపు. దాన్ని ఆనుకుని ఉన్న బొమ్మంతా వెలిసిన ఇటుక రంగు. హీరోయిన్ చీర ఎరుపు అనేది ఆ అంచు చూశాకే తెలిసింది. ఎరుపు, పసుపు ముందు పోతాయి. నీలం, నలుపు నిలబడతాయి. అందుకే ఎండ తగిలిన పాత పోస్టర్లన్నీ నీలంగా కనిపిస్తాయి. పోయిన రంగు ఏ పూతతోనూ తిరిగి రాదు. మ్యూజియంలలో కాగితం బొమ్మల మీద 50 లక్స్‌కి (వెలుతురుని కొలిచే లెక్క అది) మించి వెలుతురు పడనివ్వరు, అదీ కొన్ని నెలలే, తర్వాత చీకట్లో పెడతారు. మన హాల్లో మిట్టమధ్యాహ్నం కిటికీ పక్కన దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇక చెమ్మ. గాల్లో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పడుతుంది. నరసాపురంలో జూన్ నుంచి డిసెంబరు దాకా అంతకంటే తగ్గేదెప్పుడో మీరే చెప్పండి.

లంకకోడలు (ముమ్మిడివరం వైపు):

నడుమ దూరుతున్నాను, ఏమనుకోకండి. పెట్టెలో ఉంటే భద్రం అంటున్నారు కదా, 86 ఆగస్టు వరదకి మా అత్తగారింట్లో ఏమైందో వినండి. నీళ్లు మంచాలు దాటాయి. దస్తావేజులు, పెళ్లి ఫొటోల ఆల్బం, మా మామగారు దాచుకున్న పాటల పుస్తకాలు, అన్నీ ట్రంకు పెట్టెలోనే. నీళ్లు తీశాక పెట్టె మూత తెరిస్తే లోపల బురదముద్ద. గోడకి మేకుకు వేలాడిన ఫొటోలు మాత్రం ఈ రోజుకీ ఉన్నాయి. పైగా పెట్టెలో పెట్టినదాన్ని ఏడాదికోసారన్నా ఎవరు తెరిచి చూస్తారు? చెదలు మాత్రం రోజూ చూసుకుంటాయి.

మ్యూజియం లెక్కలు మ్యూజియానికి. ఇంట్లో పిల్లలకి తాతగారి ఉద్యోగం ఏమిటో ఆ గోడ చూస్తే తెలియాలి.

రీలుపెట్టె:

వరద మాట నిజమేనమ్మా, దానికి ఎదురు చెప్పను. అయితే 96 నవంబరు తుఫానుకి కోనసీమలో ఇళ్ల కప్పులే లేచిపోయాయి. అప్పుడు గోడమీదవి ఏమయ్యాయో కూడా లెక్కలో వేసుకోవాలి. నేను పెట్టె అన్నది నేలమీద పెట్టే రేకు డబ్బా కాదు. ఎత్తులో, బీరువా పై అరలో, ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి పెట్టుకునేది.

పట్టీపని (తణుకు):

ఫ్రేములు కట్టడమే నా పని కాబట్టి రాస్తున్నానండి. మీరు గోడా పెట్టా అని కొట్టుకుంటున్నారు గానీ, ఏ గోడ అని ఒక్కరూ అడగలేదు.

కాలవగట్టు గారూ, కొత్త ఇల్లు అన్నారు. ప్లాస్టరింగ్ ఎప్పుడైంది? సిమెంటు పూతలో నీరు ఆరడానికి కనీసం ఒక ఎండాకాలం పూర్తిగా పోవాలి. అంతవరకు ఆ గోడకి ఏ కాగితమూ ఆనించకండి. పడమటి గోడ అన్నారు, అది బయటి గోడా? అయితే ఆరాక కూడా వద్దు. జల్లు కొట్టేదీ అటే, సాయంత్రం ఎండ కాచేదీ అటే. రెండు గదుల మధ్య గోడ వెతకండి. అవతల బాత్రూమ్ ఉండకూడదు. కిందనుంచి మూడడుగుల దాకా మన నేలల్లో చెమ్మ పైకి పాకుతుంది, దానికి పైనే వేలాడాలి. పక్కన దీపం, అగరొత్తుల పొగ ఉండకూడదు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. రాత్రి చల్లబడి పొద్దున్న ఆపేయగానే అద్దం లోపలివైపు చెమర్చడం చాలా ఇళ్లలో చూశాను.

ఇక ఫ్రేము. అద్దం కాగితాన్ని తాకకూడదు. తాకితే ఆ చెమ్మకి రంగు అద్దానికి అంటుకుపోతుంది. విప్పితే సగం బొమ్మ అద్దం మీద వస్తుంది. మధ్యలో మౌంట్ బోర్డో, సన్నని స్పేసర్ పట్టీయో పెట్టాలి. రెండూ ఆమ్లం లేనివని అడిగి తీసుకోండి. వెనక హార్డ్‌బోర్డు వేసేవాళ్లతో, దానికీ పోస్టరుకీ మధ్య పాలియెస్టర్ షీటు వేయించండి. మామూలు అద్దం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్ని కొంతే ఆపుతుంది. యూవీ ఆపే ఆక్రిలిక్ షీటు ధర ఎక్కువే, కాని తేలిక. 30 బై 40కి అద్దం వేస్తే ఆ బరువుకి మేకు చాలదు, ప్లగ్గులు కొట్టాలి. ఆక్రిలిక్‌ని మెత్తటి గుడ్డతో తుడవాలి, అద్దాలు తుడిచే నీలం మందు కొట్టారంటే మసకబారిపోతుంది.

అసలు తప్పు జరిగేది అంటించే దగ్గర. వానాకాలం కాగితం ఉబ్బుతుంది, మార్చి వచ్చేసరికి బిగుస్తుంది. నాలుగు వైపులా టేపు వేసి బంధిస్తే అలలు లేస్తుంది. పైఅంచున మాత్రమే రెండు చోట్ల, గోధుమ గంజితో పల్చని జపాన్ కాగితం ముక్కలు పట్టించి వేలాడదీయాలి. మిగతా మూడు వైపులా వదిలేయాలి. సెల్లోటేపు గురించి మాట్లాడనే వద్దు. వెనక నాలుగు మూలలకీ రబ్బరు బొడిపెలు పెడితే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

ఇంకో మాట. కింద తెల్ల మార్జిన్ అసహ్యంగా ఉందని కోసేయమని అడుగుతారు చాలామంది. కోయనివ్వకండి. చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉండేది అక్కడే. మద్రాసులో అచ్చయిందో, శివకాశిలో అచ్చయిందో చెప్పేది ఆ ఒక్క వరసే.

మైదాబకెట్టు:

పట్టీపని గారు బాగా రాశారు. మడతలకి మాత్రం నా వైద్యం వేరు. పైన పాత పంచె వేసి గోరువెచ్చని ఇస్త్రీ. తర్వాత వెనక గాడా గుడ్డ అంటిస్తే వందేళ్లు.

పట్టీపని:

ఇస్త్రీ వద్దండి. ఎండిపోయిన కాగితం మడత దగ్గరే చిట్లుతుంది. రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, పైన చదునైన బోర్డు, దానిమీద బరువు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి, అంతే. గీత పూర్తిగా పోదు. పోనవసరం లేదు కూడా, పోస్టర్లు పంపిణీ ఆఫీసునుంచి హాలుకి వచ్చిందే మడతల్లో.

గుడ్డ అంటించడం మంచి పద్ధతే, చిరిగిపోయిన వాటికి. కాని మైలుతుత్తం కలిపిన బంకతో కాదు. అది పురుగుని ఆపుతుంది నిజమే, అందులోని రాగి మాత్రం కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఉత్త మైదా అయితే బొద్దింకలకి విందు. తెలిసినవాళ్లు గ్లూటెన్ తీసేసిన గోధుమ పిండితో గంజి కాస్తారు. ఆ పని వచ్చినవాళ్లు దొరికితేనే చేయించండి, లేకపోతే అలా ఉండనివ్వండి.

రీలుపెట్టె:

ఇన్ని జాగ్రత్తలు పడి వేలాడదీసినా రంగు వెలవడం ఆగదు, నిదానిస్తుంది. అదే ప్రింటైతే ఈ తలనొప్పులేవీ లేవు. స్కానరు మీద ఇంత షీటు పట్టదు. గోడకి తిన్నగా నిలబెట్టి, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టి, స్టాండు మీద కెమెరాతో తీయించండి. మ్యాట్ కాగితం మీద ప్రింటు వేయించండి. ఇంట్లో పెట్టుకోవడం వరకే సుమా. అమ్మకానికి దిగితే డిజైనరుదో, నిర్మాతదో కాపీరైటు గొడవ ఉంటుంది.

లంకకోడలు:

మా ఆడపడుచు వాళ్లింట్లో అలాంటి ప్రింట్లే ఉన్నాయి. దగ్గరికెళ్లి చూడాలనిపించదు. ఫ్లెక్సు చూసినట్టే చూసి సోఫాలో కూర్చుంటాం. ఒక్కో రంగూ విడివిడిగా అచ్చేసిన అసలు లిథో పోస్టరైతే చెంప మీద ఎరుపు, దాని పక్కన పసుపు అచ్చు వెంట్రుకవాసి తప్పి పడుతుంది, అక్కడే ముక్కు దగ్గర పెట్టి చూస్తాం. కంప్యూటర్లో ఆ తప్పు సరిదిద్దేసి ఇస్తున్నారు ఇప్పుడు.

రీలుపెట్టె:

సరిదిద్దొద్దని చెప్తే సరిదిద్దరమ్మా. అయినా ఈ విషయంలో మీరన్నది కాదనలేను.

కాలవగట్టు:

అందరికీ ధన్యవాదాలండి. పడమటిది బయటి గోడే. ప్లాస్టరింగ్ అయ్యి ఏడాది కాలేదు. కాబట్టి ఈ వానాకాలం అంతా ఏదీ ఎక్కించను. ఈలోగా మడతలు బరువు కింద పెడతాను, అన్నింటికీ ఫొటోలు తీయిస్తాను.

తర్వాత హాలుకీ పడగ్గదికీ మధ్య గోడమీద మూడు ఫ్రేములు, వెనక భాగం విప్పి మార్చుకునేలా కట్టిస్తాను. మూడే అసలువి బయట ఉంటాయి. సంక్రాంతికి ఎక్కించి, ఎండలు ముదిరేలోగా దింపి పెట్టెలో పెట్టి, అక్కడ ప్రింట్లు పెడతాను. మళ్లీ సంక్రాంతికి వేరే మూడు. మిగతావి బీరువా పై అరలో. పట్టీపని గారూ, మార్చుకునే ఫ్రేముకి వెనక మేకులు కాకుండా ఏం వాడతారు?

పట్టీపని:

తిప్పితే తెరుచుకునే క్లిప్పులు దొరుకుతాయండి, కాని కీళ్ల సందుల్లోంచి పురుగు దూరుతుంది. క్లిప్పులు పెట్టి చుట్టూ పేపరు టేపుతో మూసేయండి. మార్చినప్పుడల్లా టేపు కొత్తది వేసుకోవాలి. తేలిక రకం అల్యూమినియం పట్టీ తీసుకోండి, చెక్క వద్దు. మన ఊళ్లలో చెక్క ఫ్రేము చెదలకి వంతెన.

రీలుపెట్టె:

సంక్రాంతి నుంచి ఎండలదాకా అంటే రెండు నెలల పైచిలుకు. కిటికీకి తెర ఉంటే నాకు అభ్యంతరం లేదు. లేకపోతే ఉంది.

మైదాబకెట్టు:

ఏడాదిలో రెండు నెలలు! పెళ్లిచూపులు కూడా అంతకంటే ఎక్కువసేపు జరుగుతాయి. సరే, మీ ఇల్లు మీ ఇష్టం. మొదటి విడత ఏ మూడు?

కాలవగట్టు:

అక్కడే ఆగిందండి. మా నాన్నగారు రామారావు గారి పౌరాణికం లేనిదే ఒప్పుకోరు. మా అమ్మ నాగేశ్వరరావు గారి పక్షం. మా ఆవిడ ఇద్దరూ వద్దు, సావిత్రి గారి బొమ్మ పెద్దగా ఉన్న షీటు మధ్యలో పెట్టమంటోంది.

మైదాబకెట్టు:

పౌరాణికం మధ్యన, మిగతావి అటూ ఇటూ. ఇందులో చర్చేముంది?

లంకకోడలు:

చాలా ఉంది. సావిత్రి గారే మధ్యన. కాదంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కాదు.