సర్వో మోటార్లతో నడిచే సొంత రౌటరులో వృత్తం కోలగా తెగుతోంది: గెయిన్ ఎక్కడ సరిచేయాలి?

ప్రశ్న

నమస్కారం. ప్లైవుడ్ కోయడానికి నేను సొంతంగా తయారు చేసుకున్న రౌటరులో (కంప్యూటరు ఆదేశాలతో కోసే యంత్రంలో) ఎక్స్, వై అక్షాలకు 400 వాట్ల ఏసీ సర్వో మోటార్లు, 5 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు సాగే దూరం) ఉన్న బాల్‌స్క్రూలు బిగించాను. మోటారు తిరుగుడును కొలిచే ఎన్‌కోడర్ ఒక చుట్టుకు 10,000 కౌంట్లు ఇస్తుంది కనుక, లెక్క ప్రకారం ఒక్కో కౌంటుకు అర మైక్రాన్ కదలిక రావాలి. అయినప్పటికీ 50 మి.మీ. వ్యాసం గల బిళ్ళను నిమిషానికి 3000 మి.మీ. ఫీడ్‌తో (కోత వేగంతో) కోసినప్పుడు, ఒక ఐమూల కొలతకూ రెండో ఐమూల కొలతకూ మధ్య దాదాపు అర మిల్లీమీటరు తేడా వస్తోంది. ఎక్స్ వెంట, వై వెంట కొలిస్తే వ్యాసం ఇంచుమించు సరిగ్గానే ఉంది. కాకపోతే అక్షాలు దిశ మార్చుకునే నాలుగు చోట్లా వేలికి తగిలేంత చిన్న మెట్టు ఏర్పడుతోంది.

మోటారును నడిపే డ్రైవ్‌లోని ఆటో ట్యూనింగ్ పొజిషన్ లూప్ గెయిన్‌ను (స్థానంలో తేడాను అక్షం ఎంత గట్టిగా దిద్దుకోవాలో చెప్పే అంకెను) ఎక్స్‌కు సెకనుకు 50 అనీ, బరువైన గాంట్రీని (కోత తలను మోసే అడ్డ చట్రాన్ని) లాగే వైకి 40 అనీ నిర్ణయించింది. ఫీడ్‌ఫార్వర్డ్ (తేడా వచ్చేదాకా ఆగకుండా ఆదేశ వేగాన్ని నేరుగా మోటారుకు అందించే అమరిక) సున్నాలో ఉంది. గెయిన్ పెంచితే తేడా తగ్గుతుందేమోనని వైని 70 వరకు తీసుకువెళ్ళాను. గాంట్రీ గుయ్‌మంటూ వణకడమే కాక, బిళ్ళ కోలదనం రెండో ఐమూలకు మళ్ళింది. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో దయచేసి తెలపండి.

సమాధానం 1

కోలదనం రెండో ఐమూలకు మళ్ళిందన్న మీ మాటలోనే కారణం కనిపిస్తోంది. ఫీడ్‌ఫార్వర్డ్ లేనప్పుడు అక్షం తనకు అందిన ఆదేశం కంటే ఎప్పుడూ కొంత వెనకబడి నడుస్తుంది. ఆ వెనకబాటు వేగాన్ని గెయిన్‌తో భాగిస్తే వస్తుంది. మీ ఫీడ్ సెకనుకు 50 మి.మీ. కాబట్టి ఎక్స్ 1 మి.మీ., వై 1.25 మి.మీ. వెనకబడుతున్నాయి. రెండూ సమానంగా వెనకబడితే వృత్తం వృత్తంగానే ఉండి, వ్యాసార్ధం మాత్రం రవంత తగ్గుతుంది. అసమానంగా వెనకబడితే వృత్తం 45 డిగ్రీల ఐమూలలో సాగుతుంది, రెండు ఐమూలల తేడా ఆ అసమానతకు రెట్టింపు ఉంటుంది. మీ విషయంలో అసమానత 0.25 మి.మీ., బిళ్ళ మీద తేడా అర మిల్లీమీటరు. మీరు వైని 70కి పెంచినప్పుడు వెనకబడే వంతు ఎక్స్‌ది అయింది, అందుకే కోల అటు తిరిగింది.

అయితే గాంట్రీ వై అక్షానికి లంబంగా లేకపోయినా ఐమూలల్లోనే తేడా వస్తుంది కనుక, ముందుగా ఆ అనుమానం తీర్చుకోవడం మంచిది. అదే బిళ్ళను ఒకసారి సవ్యంగా, ఒకసారి అపసవ్యంగా కోయండి. పొడవైన ఐమూల మారితే అది సర్వోల వెనకబాటు. మారకపోతే లంబంలో దోషం. నిమిషానికి 500 మి.మీ. ఫీడ్‌తో కోసి చూసినా తెలుస్తుంది, ఎందుకంటే వెనకబాటు వేగంతో పాటు తగ్గుతుంది, లంబదోషం తగ్గదు.

ఆటో ట్యూనింగ్ ఏ అక్షానికి ఆ అక్షాన్నే చూస్తుంది, పక్క అక్షంతో పొత్తు కుదర్చదు. రెండు అక్షాలనూ బలహీనమైన దాని స్థాయికి, అంటే 40కి తెచ్చి, ఆ తరువాత వెలాసిటీ ఫీడ్‌ఫార్వర్డ్‌ను రెండింటిలోనూ ఒకే శాతంతో మెల్లగా పెంచండి. కమాండ్ స్మూతింగ్ ఫిల్టర్ (ఆదేశంలోని కుదుపులను నునుపు చేసేది) వాడుతుంటే దాని సమయం కూడా రెండు డ్రైవ్‌లలో ఒకటే ఉండాలి. ఈ ఒక్క అంకె మరచిపోయి నేను చాలా రోజులు గెయిన్‌లతో కుస్తీ పట్టాను.

సమాధానం 2

పై వివరణతో ఏకీభవిస్తాను కానీ, వరుస విషయంలో నా అభిప్రాయం వేరు. దిశ మారే చోట మెట్టు వస్తోందంటే యంత్రంలో ఎక్కడో వదులు ఉన్నట్టే, దాన్ని సరిచేయకుండా ట్యూనింగ్ మొదలుపెట్టకూడదని నా అనుభవం. ఎన్‌కోడర్ మోటారు వెనుక ఉంటుంది. కప్లింగ్ (మోటారును స్క్రూకు కలిపే భాగం), స్క్రూ చివరి బేరింగ్, నట్ దాటాక జరిగేది దానికి కనపడదు, కనపడని దోషాన్ని ఏ గెయినూ దిద్దలేదు. పైగా వదులుగా ఉన్న భాగం వణుకును త్వరగా అందుకుంటుంది కనుక, గెయిన్ పరిమితి ఉండవలసిన దానికంటే తక్కువగా తేలుతుంది.

డ్రైవ్‌ను ఆన్‌లోనే ఉంచి, డయల్ గేజ్ (సూక్ష్మ కదలికను చూపే కొలత పరికరం) మొనను గాంట్రీకి ఆనించి, చేత్తో ఇటూ అటూ నొక్కి చూడండి. తరువాత గేజ్‌ను స్క్రూ కొసకు ఆనించి మళ్ళీ నొక్కండి. స్క్రూ కూడా పొడవు వెంబడి కదిలితే లోపం బేరింగ్ దగ్గరే ఉంది. కంట్రోలర్‌లో బ్యాక్‌లాష్ (దిశ మారేటప్పుడు వచ్చే వదులు) సవరణ అంకె వేసి సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ సవరణ కోసం అక్షం ఉన్నట్టుండి దూకుతుంది, ఆ గుర్తు చెక్క అంచు మీద మిగులుతుంది.

అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. దిశ మార్చి కోస్తే పొడవైన ఐమూల మారింది, కాబట్టి లంబదోషం కాదని తేలింది. గేజ్ పెట్టి చూస్తే వై స్క్రూ 0.04 మి.మీ. కదులుతోంది, స్థిర బేరింగ్ వైపు లాక్‌నట్ వదులైంది. దాన్ని బిగించాక మెట్టు వేలికి తగలడం లేదు. రెండు గెయిన్‌లనూ 40 చేసి, ఫీడ్‌ఫార్వర్డ్‌ను 80 శాతం దగ్గర ఉంచితే ఐమూలల తేడా 0.05 మి.మీ. లోపుకు వచ్చింది. 100 శాతం పెడితే మాత్రం చదరపు మూల దగ్గర అక్షం గీత దాటి వెనక్కి వస్తోంది. దీన్ని స్మూతింగ్ ఫిల్టర్‌తో ఆపవచ్చా?

సమాధానం 1 రాసినవారి జవాబు

ఆపవచ్చు, కానీ ముందు కంట్రోలర్‌లో త్వరణాన్ని తగ్గించి చూడండి. మూల దగ్గర వేగం ఒక్కసారిగా మారాలని ఆదేశిస్తే ఫీడ్‌ఫార్వర్డ్ ఆ కుదుపును ఉన్నదున్నట్టు మోటారుకు చేరవేస్తుంది. ఫిల్టర్ పెంచితే ఆ దాటుడు తగ్గుతుంది, దానితో పాటే మూల కూడా గుండ్రబడుతుంది. లాక్‌నట్ బిగించారు కనుక వై ఇప్పుడు 40 కంటే ఎక్కువ గెయిన్‌ను వణకకుండా మోయగలదేమో ఐదైదు చొప్పున పెంచి చూడండి. ఎంతవరకు మోస్తే అంతే ఎక్స్‌కూ ఇవ్వండి.