విశాఖ ఎత్తులకి ఎలక్ట్రిక్ సైకిలా, గేర్ సైకిలా?

బీచ్‌రోడ్:
పాండురంగాపురం నుంచి సిరిపురం ఎత్తెక్కి ఆఫీసుకి వెళ్ళాలి, ఒకవైపు 8 కి.మీ. ఒకటి 15 వేలకి 21 గేర్ల సైకిలు. రెండోది 35 వేలకి చక్రం మధ్యలో 250 వాట్ల మోటరు (హబ్ మోటరు), 36 వోల్టుల 7.8 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్నది. ఆ 20 వేలు ఎక్కువ పెట్టడం దండగా?

గాలిపంపు:
దండగేనండీ. గేర్లున్నది అందుకే కదా. ముందు 28 పళ్ళు, వెనక 28 పళ్ళు పెడితే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. 26 అంగుళాల చక్రానికి నిమిషానికి 65 చుట్లు తొక్కితే గంటకి 8 కి.మీ. వేగం. 100 మీటర్లకి 5 మీటర్లు లేచే ఎత్తు మీద, మనిషి సైకిలు కలిపి 85 కిలోలనుకున్నా, 115 వాట్లకి మించదు. నెల రోజులు తొక్కితే కాళ్ళకి అలవాటైపోతుంది. మనవాళ్ళలో చాలామంది పెద్ద గేరులోనే ఎత్తెక్కి, మోకాళ్ళు పట్టేశాక సైకిలుని తిడతారు.

తొక్కుడుబిళ్ళ:
లెక్క సరిగ్గానే ఉంది గాలిపంపు గారూ, కానీ చెమట సంగతి వదిలేశారు. తిన్న శక్తిలో కాళ్ళ ద్వారా పెడల్‌కి చేరేది నాలుగో వంతు లోపే, మిగతాదంతా ఒంట్లో వేడి. 115 వాట్లు తొక్కితే 400 వాట్ల దాకా వేడి పుడుతుంది. 8 కి.మీ. వేగంలో ఒంటికి గాలి తగలదు, విశాఖ ఉక్కలో చెమట ఆరదు. ఆఫీసుకి తడిసి ముద్దయి చేరతారు.

అదే ఎత్తు మోటరుతో 15 కి.మీ. వేగంతో ఎక్కాలంటే మొత్తం 250 వాట్లు కావాలి. 170 మోటరు ఇస్తే మీ వంతు 80. వేడీ తగ్గుతుంది, ఎదురుగాలీ తగులుతుంది. చదును రోడ్డు మీద 15 కి.మీ. వేగానికి 60 వాట్లు చాలు, అక్కడ మోటరు అక్కర్లేదు. కాబట్టి దారి చదునుగా ఉండే కాకినాడ వాళ్ళెవరైనా అడిగితే మామూలు సైకిలే కొనమంటాను. విశాఖకి మాత్రం అనను.

గాలిపంపు:
మరి చార్జింగ్ అయిపోతే? 25 కిలోల బండ!

తొక్కుడుబిళ్ళ:
10 కిలోలు ఎక్కువైతే చదును మీద పడే అదనపు భారం 4 వాట్లు. హబ్ లోపల గేర్లుండే మోటరైతే ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది కాబట్టి చక్రాన్ని పట్టదు. గేర్లు లేని డైరెక్ట్ మోటరైతే అయస్కాంతాల వల్ల లాగినట్టుంటుంది, అది వద్దు. అసలు ఇబ్బంది రెండు చోట్ల. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, ఒకే గేరున్న మోడల్‌తో ఎత్తు దగ్గర. వెనక 7 గేర్లున్నదే తీసుకోండి.

పానా18:
ఇద్దరూ బ్యాటరీ ఖర్చు మాట్లాడట్లేదు. 36 × 7.8 అంటే 280 వాట్-అవర్లు. తొక్కుతూ వెళ్తే కి.మీ.కి 10 చొప్పున 28 కి.మీ. రావాలి, ఎత్తులున్నాయి కాబట్టి 25 అనుకోండి. ఒకసారి నింపడానికి కరెంటు మూడో వంతు యూనిట్, రెండు మూడు రూపాయలు. అంటే కి.మీ.కి పది పైసలు. అయితే బ్యాటరీ 500 నిండు చార్జింగులకి, అంటే 12,500 కి.మీ.కి, బాగా తగ్గిపోతుంది. కొత్తది 12 వేలనుకుంటే కి.మీ.కి దాదాపు రూపాయి. కరెంటుకి పది రెట్లు!

ఎక్కువ బ్యాటరీలు తొక్కుడు వల్ల చావవు, ఉంచే తీరు వల్ల చస్తాయి. ఎండలో ఆగిన బండి బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టకూడదు, గంట చల్లారనివ్వాలి. 42 వోల్టులు నింపి వేసవిలో వారాలు వదిలేస్తే సెల్స్ ముసలివైపోతాయి. సున్నా చేసి మూడు నెలలు మూల పడేస్తే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, సెల్స్‌లో ఏదో ఒక వరస 2.5 వోల్టుల కిందికి దిగిపోతుంది, ఇక చార్జర్ పెట్టినా ఎక్కదు. ఊరెళ్తుంటే సగం చార్జితో ఉంచండి.

పంక్చర్ సంగతి కూడా. వెనక చక్రం విప్పాలంటే ముందు మోటరు వైరు జాయింటు లాగి, 18 నంబరు పానాతో ఇరుసు నట్లు తీయాలి. తిరిగి బిగించేటప్పుడు కొక్కెం ఉన్న వాషరు ఫ్రేము గాడిలో సరిగ్గా కూర్చోవాలి. అది తప్పిందా, ఎత్తు మీద మోటరు బలం చూపగానే ఇరుసే తిరిగి వైర్లు తెగుతాయి. షాపు కుర్రాడికి ఇది తెలియకపోతే చక్రం విప్పనివ్వకండి. టైరు ఒక పక్క ఎత్తి, ట్యూబు బయటికి లాగి, అక్కడే ప్యాచ్ వేయించండి. మోటరు చక్రానికి స్పోకులు కూడా ఎక్కువ విరుగుతాయి, మొదటి 200 కి.మీ. తర్వాత ఒకసారి బిగింపు చూపించాలి. సముద్రగాలికి జాయింట్లు పచ్చబడతాయి, కాస్త గ్రీజు రాయండి.

గాలిపంపు:
నేనన్నదీ అదే! మామూలు సైకిలుకి చైను నూనె, బ్రేకు రబ్బర్లు, అంతే. పైగా థ్రాటిల్ (స్కూటరు లాంటి యాక్సిలరేటరు) ఉంటే తొక్కేదెవరు? అది 25 కి.మీ. దాటని స్కూటరు.

తొక్కుడుబిళ్ళ:
థ్రాటిల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే 2019లో ఏడు యూరప్ నగరాల మీద వచ్చిన పరిశోధనలో ఎలక్ట్రిక్ సైకిలు వాళ్ళకీ మామూలు సైకిలు వాళ్ళకీ వారం మొత్తం వ్యాయామం దాదాపు సమానంగా తేలింది. ఎలక్ట్రిక్ వాళ్ళు ఎక్కువ దూరాలు వెళ్తున్నారు, అదీ కారణం. అక్కడ ఆ సైకిళ్ళు తొక్కితేనే కదులుతాయి, అది గుర్తుపెట్టుకోవాలి.

పానా18:
ఇంకొక్క మాట. 250 వాట్లు, 25 కి.మీ. లోపు ఉంటేనే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ‘అన్‌లాక్ చేసిస్తాం, 40 వెళ్తుంది’ అనే షాపు మాట వినకండి, చట్టం దృష్టిలో అది మోటారు వాహనం.

బీచ్‌రోడ్:
అయితే షాపులో ఏం చూడాలి?

తొక్కుడుబిళ్ళ:
ఎత్తున్న వీధిలోకి తీసుకెళ్ళి ఆగి, అక్కణ్ణుంచి తొక్కండి. పెడల్ మీద పడే బలాన్ని కొలిచే టార్క్ సెన్సార్ అయితే కాలు నొక్కగానే సాయం వస్తుంది. అయస్కాంతాల చక్రం సెన్సార్ అయితే పెడల్ కొంత తిరిగాకే వస్తుంది, ఎత్తు మీద అప్పటిదాకా మీరొక్కరే లాగాలి. ఈ ధరలో ఎక్కువగా ఉండేది రెండోదే.

గాలిపంపు:
అదే వీధిలో ఆ 15 వేల సైకిలు కూడా తొక్కి చూడండి. చిన్న గేరులో.